మెషిన్ దాకా వెళ్లేముందు: ముఖం మీది మచ్చలు, వాటి చికిత్సలు

ఖమ్మంలోని ఒక మహిళా డిగ్రీ కాలేజీలో విద్యార్థినులకూ, వాళ్ల తల్లులకూ ఓ చర్మవైద్యురాలు ఇచ్చిన ప్రసంగ పాఠం.

వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు బాగా ఉంది, వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

నాకిచ్చిన టాపిక్ "ముఖం మీది మచ్చలకు ఆధునిక చికిత్సలు". అంటే ఆసిడ్‌తో చర్మం పైపొర రాల్చే పీల్స్, లేజర్లు, గ్లో ఇంజెక్షన్లు, మీరు రీల్స్‌లో చూసేవన్నీ. అన్నిటి గురించీ చెప్తాను. కానీ నా మాట ముందే చెప్పేస్తాను, దానికోసం చివరిదాకా ఆగక్కర్లేదు. మీ ముఖం మీదున్నది ఏ రకం మచ్చ, చర్మంలో ఎంత లోతున ఉంది, అసలెందుకొచ్చింది, ఈ మూడూ తేలకముందే మెషిన్ కింద పడుకుంటే మన చర్మానికి బాగు కంటే చెరుపే ఎక్కువ. మెషిన్ ఉండాల్సింది చివర్లో. మన దగ్గర అది మొదటికొచ్చి కూర్చుంది, ఎందుకంటే దానికి ఈఎంఐ కట్టాలి కదా. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ నిజమే, లేజర్ మెషిన్ లక్షల్లో ఉంటుంది, కొన్నవాళ్లు దాన్ని ఊరికే ఉంచరు.

ఇంకోటి. తెల్లబడటం గురించి నేను మాట్లాడను. మీ అసలు రంగేమిటో తెలుసుకోవాలంటే జబ్బ లోపలివైపు, ఎండ తగలని చోట చూసుకోండి. మీ ముఖం మహా అయితే ఆ రంగుకి వస్తుంది. దానికంటే తెల్లగా చేస్తామని ఎవరన్నా చెప్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారిందే గానీ పెళ్లిచూపులకొచ్చే అత్తగార్ల చూపు ఏమాత్రం మారలేదు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

సరే, రంగు ఎలా వస్తుంది? చర్మం పైపొర అడుగున మెలనోసైట్లనే కణాలుంటాయి. అవి మెలనిన్ అనే రంగు తయారుచేసి చుట్టుపక్కల కణాలకి పంచుతాయి. చాలామంది నమ్మరు గానీ, తెల్లదొరలకీ మనకీ ఈ కణాల సంఖ్య దాదాపు ఒకటే. మనవి ఎక్కువ పని చేస్తాయి, రంగు రేణువులు పెద్దవి చేస్తాయి, అంతే తేడా. ఎండ తగిలినా, హార్మోన్లు మారినా, వేడి తగిలినా, గోకినా, కాలినా, మొటిమ గిల్లినా అవి వెంటనే రంగు పోసేస్తాయి. దోమ కుట్టిన చోట మన పిల్లల కాళ్ల మీద నెలల తరబడి నల్లచుక్క ఉండిపోతుంది చూడండి, అదే ఇది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ డాక్టరు ఎండకి ఎవరి చర్మం కందుతుంది, ఎవరిది నల్లబడుతుంది అని చూసి చర్మాన్ని టైపులుగా విడగొట్టాడు. ముదురు రంగులకి ఐదు, ఆరు నంబర్లు తర్వాత చేర్చారు. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు. ఈ నంబరు మీకెందుకంటే, యూట్యూబ్‌లో "నా మచ్చలు నెలలో పోయాయి" అని చూపించే విదేశీ అమ్మాయి ఒకటో రెండో టైపు అయి ఉంటుంది. ఆమెకి వాడిన ఆసిడ్, ఆమెకి పెట్టిన లేజర్ సెట్టింగు యథాతథంగా మీకు పెడితే కాలుతుంది, కాలితే మళ్లీ నలుపే.

ఇప్పుడు మచ్చల సంగతి. మా ఓపీకి "మేడమ్, పిగ్మెంటేషన్" అని వచ్చేవాళ్లందరిదీ ఒకే జబ్బు కాదు. ఎక్కువగా చూసేది మంగు. రెండు బుగ్గల మీదా ఒకేలా, ముక్కు మీద, పైపెదవి పైన, నుదుటి మీద గోధుమ రంగులో పరుచుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు మొదలవ్వొచ్చు, గర్భం రాకుండా వేసుకునే మాత్రలతో రావొచ్చు, అమ్మకి ఉంటే కూతురికి రావొచ్చు, అన్నిటికీ మించి ఎండ. మగవాళ్లకీ వస్తుంది. మంగు వచ్చిందంటే శని పట్టిందని తైలాభిషేకాలు చేయించి ఆ తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. శనీశ్వరుడికి పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు, గుడికి మిట్టమధ్యాహ్నం మాత్రం వెళ్లకండి.

మొటిమలు గిల్లితే మిగిలే నల్లమచ్చలు వేరు, వాటికి ముందు మొటిమల్ని ఆపాలి. 2005 చివర్లో, 2006లో మన ఉమ్మడి రాష్ట్రంలో చికున్‌గున్యా ఊళ్లకి ఊళ్లనే మంచాన పడేసింది, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. జ్వరం తగ్గాక కొంతమందికి ముక్కు నల్లబడింది. అది ఎంత మామూలంటే డాక్టర్లు దానికి చిక్ సైన్ అని పేరే పెట్టుకున్నారు. మెల్లగా దానంతటదే తగ్గేది అది, దానికి లేజర్ చేయించుకుంటే డబ్బు దండగ. పిల్లల బుగ్గల మీద, పెద్దవాళ్ల వీపు మీద తెల్లగా పొడలా వచ్చే మచ్చలు మళ్లీ వేరే కథ, అందులో కొన్ని శోభి, అంటే ఫంగస్. దానికి ఫంగస్ మందు వాడాలి గానీ రంగు క్రీములు కాదు.

మెడ నలుపు గురించి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ హాల్లోనే చాలామందికి ఉంది, ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డలా మెత్తగా ఉంటుంది. "ఒళ్లు సరిగ్గా రుద్దుకోవు" అని అమ్మలు తిడతారు. అమ్మా, అది మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఎక్కువెక్కువ తయారవుతోందని చర్మం చెప్తున్న మాట అది. బరువు పెరగడం, నెలసరి తప్పడం, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య, ఇంట్లో షుగరు, వీటితో కలిసి ఉంటుంది. ఆ పిల్లకి చేయించాల్సింది పీల్ కాదు, షుగరు పరీక్ష. పీచు పెట్టి, నైలాన్ స్క్రబ్బర్ పెట్టి రుద్దితే రాపిడికి ఇంకా నల్లబడుతుంది. వీపు మీద, చేతుల మీద అలలు అలలుగా నల్లబడి వచ్చే ఆడవాళ్లని అడిగితే సగం సందర్భాల్లో బాత్రూంలో ఆ ప్లాస్టిక్ పీచు ఉంటుంది.

హెయిర్ డై కూడా. నల్లరంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకి నుదురు, కణతలు, చెవుల ముందు బూడిద రంగులో నల్లబడుతుంది. వాళ్లు డై వేసుకుంటూనే ఉంటారు, మేము క్రీములు రాస్తూనే ఉంటాం, మచ్చ అలాగే ఉంటుంది. స్టిక్కర్ బొట్టుబిళ్లల జిగురు పడక బొట్టు పెట్టుకునే చోట తెల్లబడేవాళ్లూ ఉన్నారు. ఇలాంటివాటికి చికిత్స అంటే ముందు ఆ వస్తువు మానడం.

ఇక లోతు. ఓపీలో చీకటి చేసి ముఖం మీద ఒక ఊదా వెలుగు వేసి చూస్తాం, దాన్ని వుడ్స్ ల్యాంప్ అంటారు. రంగు పైపొరలో ఉంటే మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లోపలి పొరలోకి దిగిపోతే పెద్దగా తేడా కనిపించదు. ముదురు చర్మంలో ఇది కొంచెం తికమకగానే ఉంటుంది, అందుకని డెర్మోస్కోప్ అనే భూతద్దం పెట్టి కూడా చూస్తాం. రంగు పైన ఉంటే క్రీములకి, పీల్స్‌కి లొంగుతుంది. లోపలికి దిగితే ఏళ్లు పడుతుంది, కొంత మిగిలే ఉంటుంది. ఈ పరీక్షకి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఇది చెయ్యకుండానే రిసెప్షన్‌లోనే ప్యాకేజీ చెప్పేస్తున్నారంటే, వాళ్లు చూసింది మీ ముఖాన్ని కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయానికి వస్తాను. మెడికల్ షాపు ట్యూబు.

మీలో ఎవరి బ్యాగులోనైనా ముఖానికి రాసుకునే ట్యూబు ఉంటే ఇప్పుడే తీసి వెనక్కి తిప్పి చదవండి. సిగ్గుపడక్కర్లేదు. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. బెటామెథాసోన్, మొమెటసోన్, డెక్సామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్. ఈ పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. మొదటి వారం రాత్రి రాసుకుంటే తెల్లారేసరికి ముఖం వెలిగిపోతుంది, మొటిమలు అణుగుతాయి, పక్కింటావిడ "ఏం వాడుతున్నావే" అని అడుగుతుంది, ఆవిడా కొంటుంది. కొన్ని నెలలు గడిచాక చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు కనిపిస్తాయి, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట, పొయ్యి దగ్గర నిలబడితే మంట. మానేద్దామంటే రెండు రోజుల్లో ముఖం ఎర్రగా ఉబ్బి దురద పెడుతుంది, దాంతో భయపడి మళ్లీ రాస్తారు. పెళ్లప్పుడు మొదలుపెట్టి పాపని బళ్లో వేసేదాకా రాసినవాళ్లని చూశాను. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే, టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని దానికి పేరు పెట్టింది మన దేశపు చర్మవైద్యులే. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు పద్నాలుగింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో గట్టిగా చేర్చింది. రూల్ ఉంది. షాపువాడు మాత్రం ఇప్పటికీ "అక్కా, ఇది అందరూ తీసుకెళ్తున్నారు" అని ఇస్తూనే ఉన్నాడు. ఇప్పటికే చాన్నాళ్లుగా వాడుతున్నవాళ్లు ఈ రోజు నా మాట విని ఠక్కున పారేయకండి. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తే మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

కాస్త తిరకాసు ఎక్కడుందంటే, మేము కూడా మంగుకి స్టెరాయిడ్ ఉన్న క్రీము రాస్తాం. 1975లోనే క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు అమెరికాలో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, విటమిన్ ఏ జాతి మందు ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ మూడూ కలిపి ఒక ఫార్ములా చేశారు. దాని వారసులే ఇప్పటి ట్రిపుల్ క్రీములు, మంగుకి ఇప్పటికీ బాగా పనిచేసే మందుల్లో అవి ముందుంటాయి. కానీ రాత్రిపూట మాత్రమే, మచ్చ మీద మాత్రమే, సుమారు ఎనిమిది వారాలు, డాక్టరు చూస్తూ ఉండగా. మెడికల్ షాపు ట్యూబుకీ దీనికీ పేర్లలో తేడా పెద్దగా ఉండదు, ఆపాల్సిన రోజు ఎవరు చెప్తారన్నదే తేడా. హైడ్రోక్వినోన్ కూడా ఏళ్ల తరబడి రాస్తే చర్మం నీలి నలుపుకి తిరిగి గరుకెక్కుతుంది, ఓక్రోనోసిస్ అంటారు. దాన్ని దక్షిణాఫ్రికా ఆడవాళ్లలో గమనించి రాసిందీ 1975లోనే. అది వచ్చాక పోగొట్టడం మా తరం కాదు. అందుకే మధ్యలో దాన్ని ఆపి అజెలాయిక్ ఆసిడ్, కోజిక్ ఆసిడ్, నియాసినమైడ్ లాంటి నెమ్మదైన మందులకి మారుస్తాం.

వీటన్నిటి కంటే ముందు సన్‌స్క్రీన్. ఖమ్మం ఎండ గురించి నేను మీకు చెప్పడమేంటి! సన్‌స్క్రీన్ లేకుండా మచ్చలకి చికిత్స చేయడమంటే కప్పు కారుతుంటే నేల తుడవడమే. ఎస్పీఎఫ్, అంటే చర్మాన్ని కందగొట్టే కిరణాల్ని ఆపే లెక్క, 30 గానీ 50 గానీ, పీఏ, అంటే నల్లబరిచే కిరణాల్ని ఆపే లెక్క, ప్లస్‌లు మూడో నాలుగో ఉన్నది తీసుకోండి. 30కి, 50కి తేడా మీరనుకున్నంత లేదు, కందగొట్టే కిరణాల్లో ఒకటి 97 శాతం ఆపితే ఇంకోటి 98 శాతం ఆపుతుంది. అసలు తేడా ఎంత రాస్తున్నారన్న దాంట్లో ఉంది. చూపుడు వేలు, మధ్య వేలు, ఈ రెండిటి పొడవునా రెండు గీతలు పెట్టుకుంటే ముఖానికీ మెడకీ సరిపోతుంది. మీరు శనగ గింజంత తీసుకుని ముఖమంతా పూస్తారు, అప్పుడు డబ్బా మీద 50 అని రాసున్నా ముఖానికి అందేది అందులో కొంతే. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవాళ్లు లేత గోధుమ రంగు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్ అడగండి. కంటికి కనిపించే వెలుగు కూడా మన టైపు చర్మాన్ని నల్లబరుస్తుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ ఉన్న ఈ రంగుది ఆపుతుంది. ఫోన్ వెలుగుకి నల్లబడతామని కొందరికి టెన్షన్, సూర్యుడి ముందు దాని లెక్కెంత!

మిర్చి ఏరడానికి వెళ్లే అమ్మలు కూడా నా దగ్గరికి వస్తారు. ముఖమంతా మంగు, ఎండలో పొద్దుగూకేదాకా పని, ఆ చేతులతో ముఖం తుడుచుకుంటే మంట కూడా. వాళ్లకి నెలకి ఐదారొందల ట్యూబు రాసిస్తే కొనలేరు, కొన్నా చెమటకి కారిపోతుంది. వాళ్లకి నేను చెప్పేది దళసరి కాటన్ గుడ్డ, ముదురు రంగుది, తలకీ బుగ్గలకీ చుట్టుకుని దాని మీద వెడల్పు అంచున్న టోపీ. పలచటి తెల్లగుడ్డ, అందులోనూ తడిసిందైతే, ఎండని లోపలికి వదిలేస్తుంది. వాళ్లకిచ్చిన సలహాల్లో మందుల కంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

మాత్రల గురించి ఒక ముక్క. ట్రానెక్సామిక్ ఆసిడ్. మీలో పెద్దవాళ్లకి ఇది నెలసరి రక్తస్రావం ఆపే మాత్రగా తెలిసే ఉంటుంది. 1960లలో జపాన్‌లో ఒకామోతో దంపతులు కనిపెట్టిన మందు. తర్వాత 1979లో అక్కడే ఒక డాక్టరు వేరే జబ్బుకి వాడుతూ, రోగి ముఖం మీది మంగు తగ్గడం గమనించారు. ఇప్పుడు మంగుకి 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, రెండు మూడు నెలలు ఇస్తాం, బాగానే పనిచేస్తుంది. కానీ రక్తం గడ్డకట్టించే వైపు లాగే మందు. కాళ్లలో గడ్డ కట్టినవాళ్లు, పక్షవాతం, గుండె జబ్బు వచ్చినవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లు దీని జోలికి పోకూడదు. ఇవన్నీ అడగకుండా ఎవరన్నా రాస్తే మీరే చెప్పండి. స్నేహితురాలి చీటీ చూసి కొనుక్కోవద్దు.

పీల్ దగ్గరికి వద్దాం, చాలామంది దానికోసమే వచ్చినట్టున్నారు. పీల్ అంటే తెలిసిన గాఢత ఉన్న ఆసిడ్‌ని తెలిసినంతసేపు ముఖం మీద ఉంచి, పైపొరని సమంగా రాల్చడం. గ్లైకాలిక్ అంటే చెరుకులో ఉండే ఆసిడే, లాక్టిక్ పాలకి సంబంధించినది, మొటిమలు కూడా ఉంటే శాలిసిలిక్, సున్నితమైన చర్మానికి మాండెలిక్. ముందు కనీసం రెండు వారాలు సన్‌స్క్రీన్, రాత్రి క్రీము వాడించి చర్మాన్ని సిద్ధం చేస్తాం. ఈ రెండు వారాలు ఎగ్గొట్టేవాళ్లకే ఎక్కువగా నల్లబడుతుంది. పీల్ రోజున ముఖం కడిగించి, స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, కంటి మూలలు, ముక్కు పక్క మడతలు, పెదవి చివర్లు వీటికి వ్యాజిలిన్ రాస్తాం, ఎందుకంటే ఆసిడ్ అక్కడే నిలబడుతుంది. టైమర్ నొక్కి, బ్రష్‌తో ముందు నుదురు, తర్వాత బుగ్గలు, ముక్కు, గడ్డం. చురచురమంటుంది, చేతిలో చిన్న ఫ్యాన్ పెడతాం. నేను ఆ రెండు మూడు నిమిషాలూ ఫోన్ ఎత్తను, ముఖం మీంచి కన్ను తీయను. ఎక్కడైనా బాగా ఎర్రబడినా, ఉప్పు పేరినట్టు తెల్లబడటం మొదలైనా టైమర్ సంగతి పక్కన పెట్టి వెంటనే వంటసోడా కలిపిన నీళ్లతో ఆసిడ్‌ని విరిచేయాలి. శాలిసిలిక్‌లో మాత్రం తెల్లటి పొడి మిగులుతుంది, అది మందు ఆరి ఏర్పడిన పొడే, కంగారు పడక్కర్లేదు. నాలుగైదు రోజులు పొట్టు రాలుతుంది, దాన్ని గిల్లితే అక్కడ మచ్చ ఖాయం. మళ్లీ రెండు మూడు వారాలకి ఇంకోటి. మొదటిసారికే తేడా కనిపించాలని ఆశపడకండి.

పార్లర్‌లో పీల్ సంగతి అడుగుతారు కదా. సీసాలో ఉన్నది ఎంత శాతమో అక్కడ రాసే ఆవిడకే తెలియదు, చల్లారబెట్టే నీళ్లు పక్కన ఉండవు, ఆ ముందు రోజే త్రెడింగ్, బ్లీచ్ కూడా చేసి ఉంటారు. పెళ్లికి వారం ముందు పీల్ అంటూ వచ్చే అమ్మాయిలకి నేను చెయ్యను, ఎంత బతిమాలినా సరే. పెళ్లి పీటల మీద ముఖం పొట్టు రాలుతూ ఉంటే ఫొటోగ్రాఫర్ నన్ను తిట్టుకుంటాడు. నాలుగైదు నెలల ముందు రండి.

లేజర్. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు చెప్పిన సూత్రం మీద ఈ మెషిన్లన్నీ నడుస్తున్నాయి. ఒక రంగు పీల్చుకునే వెలుగుని ఎంచుకుని, అతి తక్కువ కాలం కొడితే, ఆ రంగు రేణువు మాత్రమే పగులుతుంది, చుట్టుపక్కల చర్మానికి వేడి పాకదు. మచ్చలకి మన దగ్గర ఎక్కువగా వాడేది క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్, 1064 నానోమీటర్లది. లోతుకి వెళ్తుంది, మిగతావాటితో పోలిస్తే ముదురు చర్మానికి భద్రం.

ఇప్పుడు ఇద్దరు అమ్మాయిలని ఊహించుకోండి, ఒకటే మెషిన్. ఒకమ్మాయికి కంటి చుట్టూ ఒకవైపే నీలి బూడిద రంగు మచ్చ, చిన్నప్పటి నుంచీ ఉంది. నెవస్ ఆఫ్ ఓటా అంటారు, జపాన్ డాక్టరు ఓటా 1939లో వివరించినది. రంగు కణాలు లోపలి పొరలో ఇరుక్కుపోయి ఉంటాయి, ఏ క్రీమూ అక్కడికి చేరదు. ఈమెకి కొన్ని నెలల ఎడంతో కొన్ని సిట్టింగులు లేజర్ చేస్తే మచ్చ చాలావరకు పోతుంది, సాధారణంగా తిరిగి రాదు కూడా. కంటి డాక్టరుకి ఒకసారి చూపించి కంట్లో ప్రెషర్ కొలిపిస్తాం, అంతే. ఇలాంటి పిల్లలు పదేళ్లు క్రీములు రాసి, నాయనమ్మ పసుపు పూసి, ఆఖరికి చున్నీ సగం ముఖానికి కప్పుకుని వస్తారు. వాళ్లకి లేజర్ ముందే చెయ్యాల్సింది.

రెండో అమ్మాయికి మంగు. అక్కడ రంగు కణాలు ఇరుక్కుపోలేదు, రెచ్చిపోయి ఉన్నాయి. లేజర్ వేడికి ఇంకా రెచ్చిపోతాయి. తక్కువ శక్తితో లేజర్ టోనింగ్ అని వారం వారం చేస్తారు, కొంత తగ్గుతుంది, ఆపిన కొన్నాళ్లకి చాలామందికి తిరిగొస్తుంది. అతిగా చేస్తే నల్ల మచ్చ మధ్యలో చిన్న చిన్న తెల్ల చుక్కలు పడతాయి, నలుపుకైనా మందుంది గానీ ఆ తెల్ల చుక్కలకి మా దగ్గర సరైన మందు లేదు. అందుకే మంగుకి లేజర్ అంటే క్రీములు, మాత్రలు, సన్‌స్క్రీన్ అన్నీ అయ్యాక, ఇంకా మిగిలితే, జాగ్రత్తగా. పికో లేజర్ అని కొత్తది వచ్చింది, వేడి తక్కువ, ఖర్చు ఎక్కువ, మంగు తిరిగి రావడం దానితోనూ ఆగలేదు.

గ్లూటాథయోన్ డ్రిప్పులు, అంటే మొదట్లో చెప్పిన గ్లో ఇంజెక్షన్లు. పొడిగా చెప్తాను. చర్మం తెల్లబడటానికి దీన్ని నరానికి ఎక్కించడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు, 2011లోనే ఫిలిప్పీన్స్ ప్రభుత్వ సంస్థ ఇది ప్రమాదమని హెచ్చరించింది. ప్రాణం మీదికి తెచ్చే అలర్జీలు, ఒళ్లంతా చర్మం ఊడే రియాక్షన్లు రావొచ్చు. ఆపగానే రంగు వెనక్కి వస్తుంది. మీ డబ్బు మీ ఇష్టం, నేను మాత్రం చెయ్యను.

ఊరూ పేరూ లేని క్రీముల గురించి కేరళ సంగతి ఒకటి వినండి. 2023లో మలప్పురం జిల్లాలో కిడ్నీ డాక్టర్ల దగ్గరికి కాళ్ల వాపుతో, మూత్రంలో ప్రొటీన్ పోతూ కొంతమంది వచ్చారు. వరసగా ఒకే రకం కిడ్నీ జబ్బు కనిపించేసరికి ఆరా తీస్తే, చాలామంది తెల్లబడే క్రీములు వాడుతున్నారు, వాటిలో పాదరసం మోతాదుకి ఎన్నో రెట్లు ఉంది. క్రీము మానేశాక చాలామంది కోలుకున్నారు. మన రూల్స్ ప్రకారం ముఖానికి రాసే ఇలాంటి క్రీముల్లో పాదరసం పొరపాటున కలిసినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. డబ్బా మీద తయారీదారు అడ్రసు, లైసెన్స్ నంబరు, లోపల ఏమేం ఉన్నాయో లేకపోతే ముఖానికి కాదు కదా పాదాలకి కూడా రాయకండి.

చీటీలు వచ్చాయి, చూద్దాం.

"నిమ్మకాయ, వంటసోడా రాసుకోవచ్చా?" వద్దమ్మా. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే ఆ రసానికీ ఎండకీ పడక బొబ్బలెక్కి నల్ల చారలు పడతాయి. సోడా చర్మాన్ని ఎండగడుతుంది. శనగపిండి నలుగు పెట్టుకోండి, పండక్కి మీ సరదా, కాకపోతే గట్టిగా రుద్దొద్దు. దాంతో మంగు పోదు, అంతే.

"ఏడో నెల, బుగ్గలు నల్లబడ్డాయి." ఇప్పుడు హైడ్రోక్వినోన్ వద్దు, ట్రెటినాయిన్ అసలే వద్దు, పీల్స్, లేజర్లు ఏమీ వద్దు. సన్‌స్క్రీన్, గుడ్డ, కావాలంటే మీ డాక్టరుని అడిగి అజెలాయిక్ ఆసిడ్. కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలామందికి దానంతటదే పలచబడుతుంది. ఆ లోపు చుట్టాలు ముఖం చూసి ఏదో అంటారు, అననివ్వండి.

"వంట చేస్తే మంగు పెరుగుతుందా?" ఇది మంచి ప్రశ్న. వేడి కూడా మంగుని రెచ్చగొడుతుందని మేము అనుకుంటున్నాం, హోటళ్లలో పెద్ద పొయ్యిల ముందు గంటలు గంటలు నిలబడేవాళ్లలో చూస్తుంటాం. వంట మానమని చెప్తే రేపు మీ ఇంట్లోవాళ్లు నా మీదికి వస్తారు. (నవ్వులు) ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోండి, పొయ్యి మీదకి వంగి నిలబడకండి, ఆదివారం ఇంట్లో మగవాళ్లకి గరిటె ఇవ్వండి.

ఇది చివరిదట. "హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌లో పది సిట్టింగుల లేజర్ ప్యాకేజీకి డబ్బు కట్టేశాం, నాలుగు అయ్యాయి, మచ్చ ఇంకా నల్లబడింది, వాళ్లు మొదట్లో అలాగే ఉంటుందంటున్నారు, ఏం చెయ్యాలి?" పేరు రాయలేదు, ఎవరైనా సరే వినండి. ఐదో సిట్టింగుకి వెళ్లొద్దు. లేజర్ అయిన రెండు మూడు రోజులు ఎర్రగా ఉండటం మామూలు, నాలుగు సిట్టింగులకి మచ్చ ముదరడం మామూలు కాదు. ఫోన్ చేసి మూడు అడగండి: నా మచ్చకి మీరు రాసిన పేరేంటి, వాడిన మెషిన్ ఏది, ప్రతిసారీ పెట్టిన సెట్టింగు ఎంత. ఇవి మీ ఫైల్లో ఉండాలి, ఆ ఫైలు కాపీ అడిగి తీసుకోవడం మీ హక్కు. లేజర్ కొట్టింది ఎండీ డెర్మటాలజీ చదివిన డాక్టరా, టెక్నీషియనా అని కూడా అడగండి. ఆ కాగితాలు పట్టుకుని వేరే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి, ప్రైవేటులోనే అక్కర్లేదు, ప్రభుత్వ పెద్దాసుపత్రి స్కిన్ ఓపీలో కూడా చూస్తారు, పొద్దున్నే వెళ్తే లైను తక్కువ. అక్కడ వుడ్స్ ల్యాంప్ వేసి చూసి, ముందు ఆ రెచ్చిపోయినదాన్ని చల్లార్చే మందులిస్తారు. మిగిలిన ఆరు సిట్టింగుల డబ్బు రాతపూర్వకంగా తిరిగి అడగండి. ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు పోయిందే అన్న బాధతో మిగతావి పూర్తిచేసేద్దాం అని మాత్రం అనుకోవద్దు.

మైకు ఇచ్చేయమంటున్నారు. చీటీ రాసినావిడ ఇక్కడే ఉంటే, నేను కింద మెట్ల దగ్గర ఉంటాను, రండి, ఎండలోకి వద్దు, వరండాలో వెలుగు చాలు, ముఖం చూస్తాను.